చేత్తో కలిపితేనే పిండి పొంగుద్దా? ఇంట్లోనే తేల్చుకోండి

ఉప్పు రాత్రే వేస్తే ఇడ్లీ పిండి పొంగదు అంటారు, గరిటెతో కాదు చేత్తోనే కలపాలి అంటారు, అయోడిన్ ఉప్పు పనికిరాదు అంటారు, మా నెల్లూరు వైపు ప్రతి ఇంట్లో ఇట్టాంటివి నాలుగైదు వినపడతాయి. అవ్వలు చెప్పిందాన్ని కొట్టిపారెయ్యమని నేను అనను, వాళ్ల చేతి కింద పిండి ఎప్పుడూ చెడిపోలేదు. కానీ అందులో ఏది నిజంగా పని చేస్తందో, ఏది అలవాటుగా వస్తందో తెలిస్తే మనకే మంచిది గదా.

బయట దేశాల్లో ఇంట్లో బీరు కాచుకునేవాళ్లు ఇట్టాంటి మాటల్ని పరీక్షకి పెడతారు. ఒకే సరుకుని రెండు పాత్రల్లో పోసి, ఒక్కటంటే ఒక్క విషయం మార్చి, పులిశాక ఏది ఏదో చెప్పకుండా రుచి చూపిస్తారు. మనది ఇడ్లీ పిండి, అంతే తేడా.

కావాల్సినవి: ఒకే సైజు గాజు సీసాలు రెండు, కిచెన్ తూకం, రబ్బరు బ్యాండ్లు. ఒక పాలు మినప్పప్పుకి రెండు పాళ్లు ఇడ్లీ రవ్వ, మామూలుగానే రుబ్బి మొత్తం ఒకే గిన్నెలో కలిపేయండి. విడివిడిగా రుబ్బితే తేడా రుబ్బులో వచ్చిందో ఉప్పులో వచ్చిందో తెలీదు, అందుకే ఒకే పిండి. సీసాకి 250 గ్రాములు తూచి పోయండి, సగానికి పైన రాకూడదు, పొంగడానికి చోటుండాలి. మూత బిగించొద్దు, గ్యాస్ పుడతది. పిండి ఎత్తు దగ్గర రబ్బరు బ్యాండు వేసి, రెండూ పక్కపక్కనే ఒకే చోట పెట్టండి, ఒకటి ఫ్రిజ్ వెనకాల వెచ్చగా ఇంకోటి కిటికీ దగ్గర ఉంటే పరీక్ష అయిపోయినట్టే.

మొదటిసారి మాత్రం ఏమీ మార్చొద్దు. రెండిట్లో అదే పిండి, అదే ఉప్పు. వింతగా అనిపిస్తది గానీ ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే ఏమీ మార్చకుండానే రెండు సీసాలు ఎంత తేడాగా పొంగుతాయో తెలిస్తేనే తర్వాత వచ్చే తేడా లెక్కలోకి తీసుకోవాలా వద్దా అని చెప్పగలం.

తర్వాత ఉప్పు పరీక్ష. ఒక సీసాలో రాత్రే రెండున్నర గ్రాములు, ఇంకోదాంట్లో వెయ్యకండి. పొద్దున ఎత్తు చూసి రాసుకున్నాక రెండోదాంట్లో కూడా అదే రెండున్నర గ్రాములు వేసి, రెండిటినీ సమానంగా తిప్పండి. చాలామంది ఇక్కడే జారిపోతారు, ఉప్పు తక్కువైన ఇడ్లీని ఎవరైనా పట్టేస్తారు, అది పులుపు తేడా కాదు.

చేతి పరీక్షలో కూడా అంతే, చేత్తో ఎన్ని తిప్పులో గరిటెతో అన్నే తిప్పులు. పిండిని పొంగించే ల్యూకోనోస్టాక్ లాంటి బ్యాక్టీరియా ఎక్కువగా మినప్పప్పుతోనే వస్తది, కాబట్టి చెయ్యి పెట్టకపోయినా పిండి పొంగాలి. మీ ఇంట్లో ఎట్టా వస్తదో చూడండి. ఒక సీసాలో గరిటెడు పాత పిండి కలిపి కూడా చూడొచ్చు, చలికాలంలో ఇది చెయ్యదగ్గ పరీక్ష.

ఇక రుచి. ఒక్కొక్కరికి మూడు ఇడ్లీలు, రెండు ఒక సీసావి, ఒకటి ఇంకోదాంది, వేరేది ఏదో చెప్పమనండి. వండినవాళ్లు వడ్డించకూడదు, మొహం చూసి కనిపెట్టేస్తారు. కుక్కర్లో పై ప్లేటు కింద ప్లేటు ఒకలా ఉడకవు కాబట్టి ప్రతి ప్లేటులో రెండు పిండ్లూ ఉండాలి. దోశ మీద చెయ్యొద్దు, పెనం వేడి ఒక్కో దోశకి మారిపోతది. ముఖ్యంగా ఎర్రకారం, చట్నీ ఏదీ వద్దు, మన నెల్లూరు కారం దోశ ముందు పిండి పులుపు ఎవరికి కనపడుద్ది చెప్పండి. ఉత్త ఇడ్లీ, మధ్యలో మంచినీళ్లు.

ఊరికే ఊహించినా మూడిట్లో ఒకసారి కరెక్ట్ అవుద్ది. ఆరుగురు తింటే ఇద్దరు కరెక్ట్ చెప్పడం మామూలే, నలుగురు చెప్పినా తొందరపడొద్దు, ఐదుగురు చెప్తే అప్పుడు తేడా ఉండాది అనుకోవచ్చు. గుడ్డిగా చెప్తే ఐదుగురో ఆరుగురో కరెక్ట్ అయ్యే అవకాశం నూటికి రెండు కూడా లేదు. కొద్ది నమూనాలతో లెక్క ఎట్టా తేల్చాలో చూపించిన విలియం గాసెట్ కూడా గిన్నెస్ బీరు కంపెనీ ఉద్యోగే, 1908లో స్టూడెంట్ అనే మారుపేరుతో ఆ లెక్క అచ్చేశాడు.

కాగితం మీద తేదీ, గది వేడి, ఎన్ని గంటలు ఉంచారో రాయండి. రోహిణీ కార్తెలో ఆరేడు గంటలకే పొంగి పొర్లే పిండి సంక్రాంతికి పన్నెండు గంటలైనా లేవకపోవచ్చు, కాబట్టి ఉప్పు పరీక్ష మాత్రం రెండు కాలాల్లోనూ చెయ్యండి.