కామిక్స్ బేరం నేర్చుకుందాం – 4వ పాఠం: అడిగిన ధర, పలికిన ధర

కిందటి పాఠంలో మీ దగ్గరున్న మూడు సంచికలకు మీరే గ్రేడ్ (పుస్తకం ఎంత బాగుందో చెప్పే, 0.5 నుంచి 10 దాకా వేసే మార్కు) వేసి కాగితం మీద రాసుకోమన్నాను. ఆ కాగితం తీసి, వేసిన ప్రతి గ్రేడులోంచి ఒక అర తగ్గించండి. తిట్టుకోకండి. సొంత పుస్తకంలో ముడత మన కంటికి ఆనదు. అదే ముడత ఎదుటివాడి పుస్తకంలో ఉంటే ఆమడ దూరం నుంచి కనిపిస్తుంది. ఇన్నేళ్లయినా నా పుస్తకాలకు నేను వేసుకునే గ్రేడు కాస్త ఉదారంగానే ఉంటుంది.

ఇవాళ ధర సంగతి. గ్రేడు కుదిరాక అందరూ చేసే పని, ఆన్‌లైన్‌లో అదే సంచికను ఎవరెవరు ఎంతకు పెట్టారో చూడటం. అక్కడే తప్పులో కాలేస్తారు. అది అడిగిన ధర. ఒక పుస్తకానికి వెయ్యి డాలర్లు అడగడానికి ఖర్చేమీ లేదు, ఏడాదిపాటు అలా అడుగుతూనే ఉండొచ్చు. మనకు కావలసింది పలికిన ధర, అంటే ఎవరో నిజంగా జేబులోంచి తీసి ఇచ్చినది. ఈబేలో అమ్ముడైనవాటిని మాత్రమే చూపించే ఫిల్టర్ ఉంది. వేలంశాలలు పాత ఫలితాలను బయట పెడతాయి. అయితే అక్కడ కనిపించే అంకెలో సాధారణంగా కొన్నవాళ్లు కట్టే కమిషన్ కూడా కలిసి ఉంటుందని మరిచిపోవద్దు. అమ్మినవాళ్ల చేతికి వచ్చింది అంతకంటే తక్కువే.

ఒక లెక్క చేద్దాం. అదే సంచిక, అదే ముద్రణ, అదే గ్రేడు. గత 3 నెలల్లో అయిదు అమ్ముడయ్యాయి అనుకోండి: 95, 140, 90, 100, 98 డాలర్లు. సగటు తీస్తే 104 పైన వస్తుంది. ఆ సగటును నేను నమ్మను. ముందు ఆ 140 దగ్గర ఆగుతాను. ఆ తేదీకి ఏం జరిగింది? ఆ పాత్ర సినిమా ట్రైలర్ వచ్చిందా? ఇద్దరు పంతానికి పోయారా? కారణం ఏదైనా మిగతా నలుగురూ వంద దాటలేదు. అయిదింటినీ వరసగా పేర్చి మధ్యలోది తీసుకుంటే 98. నా లెక్కకు ధర అదే.

మీరు దాన్ని 98కి అమ్మితే చేతికి 98 రాదు. సైటు 13 శాతం కోసుకుందనుకుంటే 85 మిగులుతుంది. అట్టపెట్టె, ప్యాకింగ్, పోస్టేజీ కలిపి 8 పోతే 77. అదే పుస్తకాన్ని దుకాణానికి పట్టుకెళ్తే వాళ్లు 50 అంటారు. వెంటనే మనకు ఒళ్లు మండుతుంది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత ఇలాంటివాళ్లను చూసే పుట్టి ఉంటుంది అనిపిస్తుంది. కానీ దుకాణదారుకు అద్దె ఉంది, ఆ పుస్తకం ఆరు నెలలు అల్మరాలో కూర్చోవచ్చు, ఈలోపు ధర పడిపోవచ్చు. 50 ఇవ్వడం మోసం కాదు. 98 పలికే పుస్తకాన్ని పట్టుకుని "ఇది పదికి మించి పోదండీ" అనడం మోసం. ఈ రెంటికీ ఉన్న తేడా మీద మళ్లీ వస్తాను.

ముందు, ధరలు ఎందుకు ఎగురుతాయో, ఎందుకు కూలుతాయో చూడాలి. దానికి 1990ల అమెరికాను మించిన బడి లేదు.

1938 జూన్ తేదీతో వచ్చిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక వెల 10 సెంట్లు. సూపర్‌మ్యాన్ పుట్టింది అందులోనే. దాని ప్రతి ఒకటి 2024లో 60 లక్షల డాలర్లకు వేలంలో పోయింది. ఆ సంచిక దాచుకోవడానికి అచ్చు వేసింది కాదు. పిల్లలు చదివారు, మడిచి వెనక జేబులో పెట్టుకున్నారు, అమ్మలు పారేశారు, రెండో ప్రపంచ యుద్ధంలో పాత కాగితాల సేకరణకు బోలెడు పోయాయి. మిగిలినవి వేళ్ల మీద లెక్క కాకపోయినా, వందల దాకా కూడా లేవని అంచనా.

ఈ కథ 1980లు, 90లకల్లా పత్రికలకెక్కింది. పాత కామిక్ బంగారమైతే కొత్తదీ అవుతుందని జనం అనుకున్నారు. 1991లో వచ్చిన ఎక్స్‌మెన్ (ఒక సూపర్‌హీరోల జట్టు) మొదటి సంచికను అయిదు వేరువేరు అట్టలతో వదిలారు. దుకాణాల ఆర్డర్లు 81 లక్షలు దాటాయి. 81 లక్షల ప్రతులంటే 81 లక్షల మంది పాఠకులని పొరబడకండి. ఒక్కొక్కరు అయిదు అట్టలూ కొన్నారు, కొందరు పెట్టెలకు పెట్టెలు కొన్నారు. ఆ తరవాత 1992 నవంబర్ 18న సూపర్‌మ్యాన్ 75వ సంచిక వచ్చింది, హీరో చనిపోయే సంచిక. నల్ల ప్లాస్టిక్ సంచీ, దాని మీద నెత్తురు కారుతున్న ఎస్ గుర్తు. లోపల పుస్తకంతో పాటు చేతికి కట్టుకునే నల్ల పట్టీ, పోస్టరు, సంతాప వార్త, స్టాంపులు, ఒక ట్రేడింగ్ కార్డు. సంచీ చించితే విలువ పోతుందని చాలామంది చించలేదు. ఒకటి చదవడానికి, ఒకటి దాచడానికి అని రెండేసి కొన్నవాళ్లు కొల్లలు. లక్షల కొద్దీ ప్రతులు, అన్నీ కొత్త పెళ్లికూతుళ్లలా భద్రంగా. ముప్పై ఏళ్లు దాటినా అవి ఇంకా అలాగే ఉన్నాయి. అందుకే ఇవాళ ఆ నల్ల సంచీ మీ పిల్లల చదువు ఖర్చుకు అక్కరకు రాదు.

ఇందులో దుకాణాలు ఎలా మునిగాయో కూడా చూడండి. 1970ల నుంచి అమెరికాలో కామిక్స్ దుకాణాలకు సరుకు వెళ్లే పద్ధతి వేరు: డిస్కౌంట్ ఎక్కువ, కానీ మిగిలింది వెనక్కి పంపడానికి లేదు. పైగా ఆర్డర్ నెలల ముందే పెట్టాలి. 75వ సంచిక గంటల్లో అయిపోవడం చూసిన దుకాణదారు, 1993లో సూపర్‌మ్యాన్ తిరిగొచ్చే సంచికకు గుడ్డిగా ఆర్డర్ పెట్టాడు. తెల్ల సంచీలో వచ్చిన ఆ అడ్వెంచర్స్ ఆఫ్ సూపర్‌మ్యాన్ 500వ సంచిక గుట్టలుగా మిగిలిపోయింది. డబ్బు ఇరుక్కుపోయింది. దుకాణాలు వరసగా మూతపడ్డాయి. 1996 డిసెంబర్‌లో, ఎక్స్‌మెన్ వేసే మార్వెల్ కంపెనీయే దివాలా రక్షణ కోరింది. దానికి అప్పుల లాంటి వేరే కారణాలూ ఉన్నాయి. తిలా పాపం తలా పిడికెడు: ప్రచురణకర్తలు, ధరల పట్టికలు వేసిన పత్రికలు, దుకాణాలు, పెట్టెలు నింపుకున్న మనలాంటివాళ్లు.

అదే 1993లో ఇంకొకటి జరిగింది. బ్యాట్‌మ్యాన్ కార్టూన్ సీరియల్ ఆధారంగా పిల్లల కోసం వచ్చే ద బ్యాట్‌మ్యాన్ అడ్వెంచర్స్ అనే పుస్తకం 12వ సంచికలో, విలన్ జోకర్ జతగత్తె హార్లీ క్విన్ మొదటిసారి కామిక్ పేజీల్లోకి వచ్చింది. మెరిసే అట్ట లేదు, సంచీ లేదు. రేపు ఎక్కువకు అమ్ముదామని కొనే స్పెక్యులేటర్లు అటు కన్నెత్తి చూడలేదు, పిల్లలు చదివి నలిపేశారు. ఇవాళ బాగున్న ప్రతికి వందల డాలర్లు, నిగనిగలాడే ప్రతికి ఇంకా ఎక్కువ. కాబట్టి ఎన్ని అచ్చయ్యాయి అని అడిగి ఊరుకోకండి. ఎన్నింటిని ఎవరైనా జాగ్రత్తగా దాచారు అని అడగండి. ఈ పాఠంలో ఒక్క వాక్యం రాసుకోవాలంటే దాన్ని రాసుకోండి.

ఇప్పటి స్పెక్యులేషన్ రెండు దారుల్లో నడుస్తోంది. మొదటిది సినిమా పుకారు. ఫలానా పాత్ర ఫలానా సినిమాలో ఉందట అనగానే ఆ పాత్ర తొలిసారి కనిపించిన సంచిక ధర మర్నాటికి రెట్టింపు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. చాలాసార్లు సినిమా విడుదలయ్యే నాటికే శిఖరం దాటిపోయి ఉంటుంది. 2020, 21లో ఇళ్లలో కూర్చున్న జనం చేతిలో డబ్బు ఆడి మొత్తం మార్కెట్టే ఎగిరింది. 2022 నుంచి చాలావరకు దిగింది. ఎగిరినప్పుడు కొన్నవాళ్లు "తాత్కాలికమే" అంటూ ఇంకా పట్టుకు కూర్చున్నారు. నా దగ్గరా రెండున్నాయి, నవ్వకండి.

రెండోది నిష్పత్తి వేరియంట్. దుకాణం మామూలు అట్టవి 25 ఆర్డర్ చేస్తే ప్రత్యేక అట్టది ఒకటి కొనుక్కోవచ్చు, అదీ ఏర్పాటు. నాలుగు డాలర్ల పుస్తకం దుకాణానికి రెండుకు పడిందనుకుంటే 25కి 50 డాలర్లు. అందులో 15 అమ్మితే 10 మిగిలిపోతాయి, 20 డాలర్లు గోడకు కొట్టిన సున్నం. ఆ 20నీ దుకాణం ప్రత్యేక అట్ట మీదే రాబట్టుకోవాలి. అంటే మొదటి రోజు మీరు కట్టే ధరలో కొంత, ఎవరూ కొనని పది పుస్తకాల ఖరీదు. బొమ్మ నచ్చితే కొనండి, దానికి వంక పెట్టను. రేపు పెరుగుతుందని కొంటున్నట్లయితే మాత్రం ఆ పదింటి బరువు మీరు మోస్తున్నారని తెలిసి కొనండి.

ఇక నిఖార్సైన బేరం. ఇక్కడ కాస్త నిదానిద్దాం.

ఇన్‌క్రెడిబుల్ హల్క్ 181వ సంచిక, 1974 నవంబర్ తేదీ, వెల 25 సెంట్లు. తరవాత ఎక్స్‌మెన్ హీరో అయిన వుల్వరిన్ పూర్తిస్థాయిలో కనిపించే తొలి సంచిక (180వ దాంట్లో చివర్లో తొంగి చూస్తాడు అంతే). ఆ రోజుల్లో మార్వెల్ వాళ్లు పుస్తకం లోపల ఒక చిన్న స్టాంపు బొమ్మ వేసి, కత్తిరించి ఆల్బమ్‌లో అంటించుకోమనేవాళ్లు. పిల్లలు చెప్పినట్టే చేశారు. అందుకని ఈ సంచిక బయటి అట్ట అద్దంలా ఉన్నా లోపల ఒక పేజీలో చిన్న చదరపు కన్నం ఉండొచ్చు. ఆ కన్నం వల్ల విలువ దారుణంగా పడిపోతుంది. అట్ట ఫోటోలు రెండు పెట్టి ఊరుకున్న అమ్మకందారు అబద్ధం ఏమీ ఆడలేదు. కానీ స్టాంపు ఉందా అని మీరు అడగలేదు కదా అన్నాడంటే అతనితో మళ్లీ బేరం పెట్టుకోకండి. నాకిది అనుభవమే, ఇంకో పుస్తకంతో. ఇంటికి తెచ్చి పేజీలు లెక్కపెడితే మధ్యలో ఒక జత తక్కువైంది. స్టేపుల్స్ దగ్గరి మధ్య కాగితం ఊడిపోయి ఎటో పోయింది. పేజీలు లెక్కపెట్టకుండా డబ్బిచ్చింది నేనే. ఆ తరవాత ఎంత మొహమాటమైనా అక్కడే నిలబడి లెక్కపెడుతున్నాను.

అమ్మేటప్పుడు నోరు విప్పి చెప్పి తీరాల్సినవి: పేజీ, స్టాంపు, కూపన్ ఏదైనా లేకపోవడం, రంగు పోయిన చోట పెన్నుతో దిద్దడం, చిరుగు అతికించడం, అంచు కత్తిరించి సమం చేయడం, వేరే ప్రతి నుంచి పేజీలు తెచ్చి కలపడం, మలి ముద్రణ కావడం. మలి ముద్రణ అట్ట మీద తెలియకపోతే లోపల సన్నటి అక్షరాల్లో ప్రచురణ వివరాలుంటాయి, అక్కడ చూడండి. వేడి ఒత్తిడితో ముడతలు సాపు చేసే ప్రెస్సింగ్‌ను, పుస్తకాలకు గ్రేడు వేసే సీజీసీ అనే సంస్థ మరమ్మతుగా లెక్కించదు. అయినా అడిగితే దాచకూడదని నా పట్టు.

2000లో మొదలైన ఈ సీజీసీ సంస్థ పుస్తకాన్ని పరీక్షించి, 0.5 నుంచి 10 దాకా గ్రేడు వేసి, పారదర్శక డబ్బాలో బిగిస్తుంది. దాన్నే స్లాబ్ అంటున్నాం. లేబుల్ రంగు చూడటం అలవాటు చేసుకోండి. నీలం మామూలుది, ఊదా అంటే మరమ్మతు జరిగింది, ఆకుపచ్చ అంటే ఏదో పెద్ద లోపాన్ని విడిగా చెబుతూ వేసిన గ్రేడు, పసుపు అంటే పుస్తకం మీద రచయితలు, చిత్రకారుల లాంటివాళ్లు సంస్థ సాక్షి ఎదుట చేసిన సంతకం. డబ్బాలో ఉంది కదా అని కళ్లు మూసుకోవడానికీ లేదు. 2023 చివర, 2024 మొదట్లో డబ్బాలు తెరిచి లోపలి పుస్తకాలు మార్చిన వ్యవహారం బయటపడి కలెక్టర్లకు నిద్ర పట్టలేదు. లేబుల్ చదివాక పుస్తకాన్ని కూడా చూడండి.

ఇప్పుడు వాయిదా వేసిన ప్రశ్న. పెద్దావిడ ఒకరు, చనిపోయిన భర్త పెట్టె మీ ముందు పెట్టి "ఇవన్నీ ఎంతొస్తాయి బాబూ?" అన్నారు. పైనే వేల డాలర్ల పుస్తకం కనిపిస్తోంది. నా అభిప్రాయం ఇది: ఆవిడ తనే ధర చెప్పి అమ్మకానికి పెడితే ఆ ధరకు కొనడం వ్యాపారం అనేవాళ్లతో నేను వాదన పెట్టుకోను, నాకు మింగుడుపడదు అంతే. కానీ "ఎంతొస్తాయి" అని అడిగిన క్షణం నుంచి మీరు సలహా ఇచ్చే మనిషి. సలహా పేరుతో తక్కువ చెప్పి మీరే కొనడానికి వీల్లేదు. "అమ్మా, ఇది బయట సుమారు ఇంత పలుకుతోంది. నేను కొంటే అందులో సగానికి అటూ ఇటూ ఇవ్వగలను, ఎందుకంటే నాకీ ఖర్చులున్నాయి. వేలానికి పంపితే ఎక్కువ రావచ్చు, నెలలు పడుతుంది" అని చెప్పండి. చాలామంది అయినా మీకే అమ్ముతారు. ఇంకో పెట్టె ఉందని పిలుస్తారు కూడా.

అభ్యాసం. కిందటిసారి గ్రేడ్ వేసిన మూడింట్లో ఒకటి తీసుకోండి. పలికిన ధరలు అయిదు రాసి మధ్యది గుర్తించండి, ఖర్చులు తీసేసి చేతికొచ్చేది లెక్కగట్టండి. తరవాత అమ్మకం ప్రకటన రాయండి. "సూపర్ కండిషన్, చాలా అరుదు, త్వరపడండి" అని రాస్తే సున్నా మార్కులు. ఇలా ఉండాలి:

"తొలి ముద్రణ. వెనక అట్ట కింది మూల అర అంగుళం ముడత, రంగు విరిగింది. పై స్టేపుల్ దగ్గర కొద్దిగా తుప్పు. పేజీలన్నీ లెక్కపెట్టాను, ఉన్నాయి. మరమ్మతు జరిగినట్టు నాకు కనబడలేదు, కానీ నేను నిపుణుణ్ణి కాను. లోపలి ఫోటోలు అడిగితే పంపిస్తాను."

రాశాక ఆ ప్రకటనను కొనేవాడిలా ఒకసారి చదవండి. ఇంకా ఏం అడగాలనిపిస్తోందో దాన్ని కూడా అందులోనే చేర్చండి.