తుపానుకు పంట పోతే పెట్టుబడి రాయితీ పొందడం ఎలా?

పైరు నీట మునిగినప్పుడు ప్రభుత్వం ఇచ్చే పెట్టుబడి రాయితీని, అంటే అందరూ ఇన్‌పుట్ సబ్సిడీ అనే సొమ్మును, పోయిన పంటకు వెలగా లెక్క కట్టుకోకూడదు. అది మళ్లీ సాగు మొదలుపెట్టడానికి ఇచ్చే ఆసరా మాత్రమే. 2022-23 నుంచి 2025-26 వరకు కేంద్రం నిర్ణయించిన విపత్తు సహాయ నిబంధనల ప్రకారం, 33 శాతం లేదా అంతకు మించి దెబ్బతిన్న పంటకు వర్షాధారమైతే హెక్టారుకు 8,500 రూపాయలు, నీటి వసతి ఉంటే 17,000, బహువార్షిక తోటలైతే 22,500 చొప్పున, ఒక్కో రైతుకు 2 హెక్టార్ల వరకే ఇస్తారు. మాగాణికి ఎకరా లెక్కన చూస్తే ఇది 7,000 కూడా కాదు. 2015కు ముందు సగం పంట పోతే గానీ రైతు పేరు జాబితాకెక్కేది కాదు. రాష్ట్ర ప్రభుత్వం ఈ మొత్తాన్ని పెంచే వీలుంది కాబట్టి, ఆయా విపత్తుకు వెలువడిన ఉత్తర్వులో ఏముందో చూసుకోవాలి.

ఆంధ్రప్రదేశ్‌లో మొదటి పని తుపానుకు ముందే జరగాలి. ప్రతి సీజనులోనూ విత్తిన పంటను రైతు సేవా కేంద్రంలో ‘ఈ-పంట’ అనే ఆన్‌లైన్ పంట రికార్డులో నమోదు చేయించి, సర్వే నంబరు, విస్తీర్ణం, పంట పేరు సరిచూసుకుని, వేలిముద్రతో గుర్తింపు నిర్ధారణ (ఈ-కేవైసీ) పూర్తిచేయాలి. చేలో వరి ఉండి రికార్డులో మినుము ఉంటే, నష్టం కళ్లెదుట కనబడుతున్నా సిబ్బంది చేయగలిగింది తక్కువ.

కౌలు రైతులు ఇక్కడే ఎక్కువగా నష్టపోతున్నారు. సాగు చేసేది ఒకరు, నమోదైన పేరు మరొకరిది అయితే డబ్బు భూ యజమాని ఖాతాలో పడుతుంది. తర్వాత ఆయన ఇస్తే ఇచ్చినట్టు. అందుకే 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద 11 నెలలు చెల్లే కౌలు కార్డు తీసుకుని, సాగుదారుగా తమ పేరే రాయించుకోవాలి. సంతకం పెడితే భూమి చేజారుతుందన్న భయం యజమానుల్లో బలంగా ఉంది గానీ, ఆ కార్డు పంట మీద హక్కునిస్తుందే తప్ప భూమి మీద కాదు. ఈ సంగతి గ్రామ సచివాలయంలో అధికారి ఎదుట చెప్పిస్తే, ఇంటి అరుగు మీద వాదించడం కన్నా పని తేలికవుతుంది.

పంట దెబ్బతిన్న వెంటనే గ్రామ వ్యవసాయ సహాయకుడికి తెలియజేసి, సర్వే నంబరు రాసుకుని, చేను గుర్తుపట్టేలా గట్టు, చుట్టుపక్కల ఆనవాళ్లతో ఫొటోలు తీయాలి. తొలి అంచనాలో మండలానికి ఇన్ని ఎకరాలని చెప్పే అంకెను చూసి ధీమాగా ఉండకూడదు. నీరు తీశాక వ్యవసాయ, రెవెన్యూ సిబ్బంది చేసే తుది లెక్కింపే ఆధారం కనుక, ఆ రోజు రైతు పొలంలో ఉండడం అవసరం.

లెక్కింపు ముగిశాక అర్హుల జాబితాను సామాజిక తనిఖీ కోసం, అంటే ఊరివాళ్లు సరిచూసుకునేందుకు, రైతు సేవా కేంద్రంలో ప్రదర్శిస్తారు. పేరు లేకపోయినా, విస్తీర్ణం తగ్గినా గడువులోగా రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి రసీదు తీసుకోవాలి. అక్కడ తేలకపోతే సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టవచ్చు.

సొమ్ము ఆధార్‌తో అనుసంధానమైన ఖాతాకే వెళుతుంది. ఎప్పుడో తెరిచి వదిలేసిన ఖాతాకు ఆ అనుసంధానం మిగిలి ఉందేమో బ్యాంకులో అడిగి తెలుసుకోవాలి.

పంటల బీమా దీనికి పూర్తిగా వేరు. బీమా ఉన్నవారు వడగళ్లు, ముంపు వంటి స్థానిక విపత్తుల నష్టాన్ని 72 గంటల్లోగా 14447 నంబరుకు విడిగా తెలపాలి.