తేమ ఆరని పెరట్లో వాక్కాయ పెంచాలంటే

వాక్కాయ ఎండకు తట్టుకుంటుంది, చవుడుకు తట్టుకుంటుంది, ఎరువు వెయ్యకపోయినా బతుకుతుంది. వేళ్ల దగ్గర నీళ్లు నిలిస్తే మాత్రం చస్తుంది. నెల్లూరు జిల్లాలో పెన్నా కాలవల కింద కోవూరు, ఇందుకూరుపేట వైపు పెరళ్లలో దీన్ని పెంచేటప్పుడు చూసుకోవాల్సింది ముందు అదే.

నాటబోయే చోట అడుగున్నర లోతు గుంత తీసి నిండా నీళ్లు పోయండి. ఇంకాక మళ్లీ నింపండి. సాయంత్రం పోసిన ఆ రెండో విడత నీళ్లు తెల్లారేసరికి ఇంకిపోతే అక్కడే నాటవచ్చు. ఇంకా నిలిచుంటే గుంత పూడ్చేసి మిట్ట కట్టాల్సిందే.

రేగడి నేలలో చాలామంది రెండడుగుల గుంత తీసి, ఇసుక, ఎరువు కలిపి నింపుతారు. చెడేది అక్కడే. చుట్టూ ఉన్న బంకమన్ను నీళ్లను తొందరగా పీల్చదు. దాంతో గుల్లగా ఉన్న గుంతలోకే చుట్టుపక్కల నీళ్లన్నీ దిగుతాయి. అడుగున చిల్లు లేని తొట్టిలో మొక్క పెట్టినట్టే.

మిట్ట నాలుగైదు అడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉండాలి. కింది నేలను పారతో గుల్ల చేసి, దానిమీద మూడు తట్టల ఎర్రమట్టికి ఒక తట్ట బాగా చివికిన పశువుల ఎరువు చొప్పున కలిపి పోయండి. చెరువు పూడికమట్టి వద్దు, అదీ బంకే. మట్టి కుంగుతుంది కాబట్టి నెల ముందే కట్టిపెట్టుకోవాలి. పక్కన అడుగు లోతు కాలవ తీసి, వాలు చూసి బయటికి పారించండి. బయటికి దారిలేని కాలవ తవ్వినా ఒకటే, తవ్వకపోయినా ఒకటే.

జూన్, జూలైలో నాటమనే సలహా నైరుతి వానలు బాగా పడే చోట్లకు సరిపోతుంది. నెల్లూరు జిల్లాకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అప్పటికి వేరు సరిగా పట్టని మొక్క ఒక్క వాయుగుండానికే కుళ్లిపోతుంది. అందుకే తడి పెరట్లో సంక్రాంతి దాటాక నాటడం మేలు. నేలలో పదును ఉంటుంది, మళ్లీ ముసురు పట్టేలోపు తొమ్మిది నెలలు చేతిలో ఉంటాయి. మొదటి వేసవిలో మాత్రం వారానికి రెండుసార్లు బకెట్టెడు నీళ్లు పోయాలి.

గింజ నుంచి పెంచేవాళ్లు నల్లగా పండిన కాయల గింజలే తీసుకుని, గుజ్జు కడిగి, ఒకటి రెండు రోజులు నీడన ఆరబెట్టి వెంటనే వెయ్యాలి. నిల్వ పెడితే మొలక శక్తి త్వరగా పోతుంది. గింజ మొక్క కాపుకు రావడానికి మూడేళ్లు పట్టవచ్చు, కాయ తల్లి చెట్టులాగే ఉంటుందన్న భరోసా కూడా లేదు. తొందరగా కాయాలంటే అంటు మొక్క కొనండి.

మొక్క మొదలు మిట్ట మట్టానికి రెండంగుళాలు పైకే ఉండేలా నాటండి. ఎండుగడ్డి కప్పినా మొదలుకు జానెడు దూరం వదలండి. విడిగా పెంచితే పదడుగుల ఎడం, కంచెగా అయితే మూడు నాలుగు అడుగులు చాలు. ముళ్లు గట్టివి, పిల్లలు నడిచే దారి పక్కన పెట్టకండి. మామిడి నీడలో పెడితే ఆకే తప్ప కాయ ఉండదు.

మట్టి తడిగా ఉండగానే ఆకులు పసుపెక్కి వాలుతుంటే అది దాహం కాదు, వేళ్లకు ఊపిరాడక. అప్పుడు ఇంకా నీళ్లు పోస్తే మొక్క దక్కదు. కాలవ పూడిందేమో చూసి, మొదలు దగ్గర మట్టి పక్కకు లాగి, లీటరు నీళ్లకు మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు కలిపి వేళ్లు తడిసేలా పోయండి. వేరు తోలు పట్టుకోగానే చేతికి ఊడివస్తుంటే ఇక ఆశ వదులుకోవచ్చు.

కాయలు కోశాక, ఆగస్టులో, ఎండుకొమ్మలు, లోపలికి పెరిగినవి, నేలను తాకేవి తీసెయ్యండి. డిసెంబరులో కత్తెర పెడితే పూత రావాల్సిన కొసలు పోతాయి. కాపుకొచ్చిన పొదకు ఏటా పది పదిహేను కిలోల పశువుల ఎరువు చాలు. యూరియా ఎక్కువైతే కొమ్మలే సాగుతాయి.

పప్పుకూ పచ్చడికీ తెల్లగా ఉండి ఒక పక్క గులాబి రంగు తిరిగిన కాయలు కోసుకోవాలి. తొడిమ దగ్గర జిగురు పాలు కారతాయి, బట్టలకు అంటితే మరక వదలదు. కోసిన కాయల్ని కాసేపు ఉప్పు నీళ్లలో వేసి, కడిగి, చీల్చి గింజలు తీసెయ్యండి.