చెక్ రిపబ్లిక్‌లో పిల్లల కస్టడీ కేసు: మీ హక్కులు ఎలా కాపాడుకోవాలి?

ప్రాగ్‌లోనో బ్ర్నోలోనో ఉద్యోగం చేస్తూ పిల్లల్ని పెంచుకుంటున్న దంపతుల మధ్య గొడవ కోర్టు దాకా వెళ్తే, అందరికీ ముందు పట్టుకునే టెన్షన్ ఒక్కటే: పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు? భాష సరిగా రాని వాళ్లకు ఇంకో భయం కూడా ఉంటుంది, ప్రభుత్వమే పిల్లల్ని తీసుకుపోతుందేమోనని. ఈ రెండింటికీ అక్కడి చట్టంలో గట్టి రక్షణలు ఉన్నాయి. అయితే వాటిని మొదటి రోజు నుంచే, రాతపూర్వకంగా అడగాలి.

1. ఏ చట్టం కింద ఉన్నారో తెలుసుకోండి

పెళ్లి, విడాకులు, పిల్లల బాధ్యత అన్నీ 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న సివిల్ కోడ్‌లో, దాని రెండో భాగంలో ఉన్నాయి. రాజ్యాంగంలో భాగమైన ప్రాథమిక హక్కుల పత్రం 32వ అధికరణం కుటుంబానికి, తల్లిదండ్రుల హక్కులకు రక్షణ ఇస్తుంది. యూరోపియన్ మానవ హక్కుల ఒప్పందం 8వ అధికరణం కుటుంబ జీవితాన్ని గౌరవించాలని చెబుతుంది. దేశ చట్టానికీ ఇలాంటి ఒప్పందానికీ తేడా వస్తే ఒప్పందమే చెల్లుతుందని చెక్ రాజ్యాంగం 10వ అధికరణంలో ఉంది. అందుకే 8వ అధికరణం మీ జిల్లా కోర్టు కేసులో కూడా పనికొస్తుంది.

పాత సమాచారం చదివి వెళ్లకండి. ఇదివరకు పిల్లల కస్టడీ తేలాకే విడాకులు ఇచ్చేవారు. 2026 జనవరి 1 నుంచి రెండూ ఒకే కేసులో నడుస్తాయి. పిల్లల్ని కొట్టకుండా, అవమానించకుండా పెంచడం తల్లిదండ్రుల బాధ్యతలో భాగమని కూడా అదే సవరణ చేర్చింది. ‘క్రమశిక్షణ కోసం ఒక దెబ్బ వేశాను’ అనే మాట అక్కడ మీకు అనుకూలంగా పనిచేయదు.

2. కోర్టులో మొదటి కాగితం

బిడ్డ ఉండే ఊరి జిల్లా కోర్టుకు వెళ్లాలి. కస్టడీ విషయానికి కోర్టు ఫీజు లేదు. చెక్ భాష రాకపోతే దుబాసీ పొందే హక్కు ప్రాథమిక హక్కుల పత్రం 37వ అధికరణం ఇస్తుంది. తెలుగో హిందీయో ఇంగ్లిషో, మీకు బాగా వచ్చిన భాష పేరు మొదటి దరఖాస్తులోనే రాయండి.

బిడ్డ తరఫున మాట్లాడటానికి కోర్టు సాధారణంగా ‘ఓస్పోడ్’ను నియమిస్తుంది. ఇది స్థానిక ప్రభుత్వ కార్యాలయంలో ఉండే పిల్లల రక్షణ విభాగం. వీళ్లు ఇంటికి వస్తారు, బిడ్డతో మాట్లాడతారు, కోర్టుకు అభిప్రాయం ఇస్తారు. వాళ్లను శత్రువుల్లా చూడకండి. అలాగని ఏం రాశారో తెలియకుండా కూర్చోకండి. ఫైలు చూడాలని రాతపూర్వకంగా అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది. బిడ్డ మాటను కూడా కోర్టు తెలుసుకోవాలి. 12 ఏళ్లు దాటిన పిల్లలకు సొంత అభిప్రాయం ఏర్పరచుకునే సామర్థ్యం ఉంటుందని చట్టం భావిస్తుంది. ఏం చెప్పాలో వాళ్లకు నేర్పించి పంపొద్దు. అది పిల్లల మీద మోయలేని భారం.

3. పేదరికం కారణంగా చూపిస్తే వెంటనే అభ్యంతరం చెప్పండి

నా దృష్టిలో ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఒక చెక్ దంపతులకు అయిదుగురు పిల్లలు. అంత పెద్ద కుటుంబానికి తగిన ఇల్లు లేదన్న కారణంతో అధికారులు ఆ పిల్లల్ని సంరక్షణ కేంద్రాలకు పంపారు. పిల్లల్ని హింసించారన్న ఆరోపణ లేదు, ఇల్లు లేకపోవడమే అసలు సమస్య. 2006 అక్టోబర్ 26న స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు ఇది 8వ అధికరణం ఉల్లంఘన అని తేల్చింది. ఇల్లు దొరకడానికి సాయం చేయాల్సింది పోయి కుటుంబాన్ని విడగొట్టడం తప్పని దాని సారాంశం. మరుసటి ఏడాది ఇలాంటిదే ఇంకో కేసులోనూ చెక్ ప్రభుత్వం ఓడిపోయింది.

ఇప్పుడు సివిల్ కోడ్ 971వ సెక్షన్‌లోనే ఉంది: తల్లిదండ్రుల ఆస్తి, ఇంటి పరిస్థితులు మాత్రమే కారణంగా బిడ్డను సంస్థకు పంపకూడదు. మీ గది చిన్నదనో జీతం తక్కువనో ఎవరైనా వాదిస్తే ఈ సెక్షన్ పేరు చెప్పండి. ఆ మాట కోర్టు రికార్డులోకి ఎక్కిందో లేదో చూసుకోండి.

4. ఓడిపోతే గడువులు గుర్తుంచుకోండి

తీర్పు చేతికందిన 15 రోజుల్లో అప్పీలు చేయాలి. అది ప్రాంతీయ కోర్టుకు వెళ్తుంది. కస్టడీ విషయాల్లో సుప్రీంకోర్టుకు దారి సాధారణంగా ఉండదు కాబట్టి, తర్వాతిది బ్ర్నోలోని రాజ్యాంగ కోర్టే. అక్కడికి 2 నెలల్లో వెళ్లాలి, లాయరు తప్పనిసరి. డబ్బు లేనివాళ్లు లాయరు కోసం చెక్ బార్ అసోసియేషన్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు.

చివరి దేశీయ తీర్పు తర్వాత 4 నెలల్లో స్ట్రాస్‌బర్గ్‌కు దరఖాస్తు పెట్టవచ్చు. 2022 ఫిబ్రవరికి ముందు ఈ గడువు 6 నెలలు, పాత అంకెను నమ్మి ఆలస్యం చేయకండి. కింది కోర్టుల్లో ఎత్తని హక్కుల వాదనను అక్కడ మొదటిసారి ఎత్తితే సాధారణంగా తోసేస్తారు. ఇంకో సంగతి, ఆ కోర్టు మీకు కస్టడీ రాసివ్వదు. హక్కు ఉల్లంఘన జరిగిందా లేదా అన్నది తేలుస్తుంది, పరిహారం ఇప్పించగలదు.

5. బిడ్డతో ఇండియాకు వెళ్లిపోవాలనిపిస్తే

రెండో వాళ్ల అనుమతి లేకుండా వెళ్లకండి. పిల్లల అంతర్జాతీయ అపహరణపై 1980 హేగ్ ఒప్పందంలో చెక్ రిపబ్లిక్ ఉంది, భారత్ లేదు. కాబట్టి బిడ్డ ఇక్కడికి వచ్చాక కేసు రెండు దేశాల్లోనూ ఏళ్ల తరబడి సాగే ప్రమాదం ఉంది, మధ్యలో నలిగేది బిడ్డే.

విడాకుల డిక్రీ విషయంలోనూ జాగ్రత్త. తిరుపతిలో పెళ్లయిన ఒక జంట కేసులో, భర్త అమెరికాలో తెచ్చుకున్న విడాకులను 1991లో మన సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఏ చట్టం కింద పెళ్లి జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే కారణం మీదే విదేశీ విడాకులు చెల్లుతాయని అది చెప్పింది. ఇద్దరూ అంగీకరించిన సందర్భం వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. హిందూ వివాహ చట్టం కింద పెళ్లయినవాళ్లు చెక్ కోర్టులో దరఖాస్తు పెట్టకముందే ఇండియాలో ఒక లాయరుకు ఆ ముసాయిదా చూపించండి.