ఇంట్లో కట్టుకున్న 72 వోల్టుల బైకు దారిలో ఆగిపోతే లోపం ఎక్కడ వెతకాలి

పాత పెట్రోలు బండికి హబ్ మోటారు (చక్రంలోనే ఉండే మోటారు), దానికి కరెంటును అదుపుచేసి ఇచ్చే కంట్రోలర్, వరసగా కలిపిన 20 సెల్ గ్రూపుల ఎన్‌ఎంసీ (ఒక రకం లిథియం) బ్యాటరీ బిగించినవాళ్లకు తరచూ ఎదురయ్యే ఇబ్బంది ఇది. నిలబెట్టినప్పుడు మీటరు 76 వోల్టులు చూపిస్తుంది. ఎక్స్‌లేటర్ గట్టిగా తిప్పగానే అంతా ఆరిపోతుంది. చాలామంది వెంటనే కొత్త కంట్రోలర్ కొనేస్తారు. అది చివరి మాట. ముందు మల్టీమీటర్ తీయండి.

ప్యాక్ (మొత్తం బ్యాటరీ) నిండితే 84 వోల్టులు, కాబట్టి జాగ్రత్త. చేతికున్న ఉంగరం, వాచీ తీసేయండి, స్పానర్ పిడికి టేపు చుట్టండి. బండిని నిలబెట్టి పనిచేసేటప్పుడు వెనక చక్రం నేలకు తగలకుండా సెంటర్ స్టాండు వేయండి. బ్యాటరీ విడదీశాక కూడా కంట్రోలర్ కెపాసిటర్లలో కాసేపు కరెంటు ఉంటుంది, అది దిగిపోయిందని మీటరుతో చూశాకే ముట్టుకోండి.

నిలబడ్డ బండి వోల్టేజీని నమ్మొద్దు, లోడు మీద కొలవాలి. మీటరు వైర్లను ప్యాక్ మెయిన్ టెర్మినల్స్‌కు గట్టిగా బిగించి, ఖాళీ స్థలంలో ఎత్తు మీదకు నెమ్మదిగా నడపండి. మీటరును వెనక కూర్చున్న మనిషి చూడాలి. 40 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) ప్యాక్ 60 ఆంపియర్ల దగ్గర మూడు నాలుగు వోల్టులు దిగితే మామూలే. ప్యాక్ దగ్గర 72 ఉండి కంట్రోలర్ దగ్గర 66 వస్తుంటే ఆ ఆరు వోల్టులూ మధ్యలోని వైర్లలో, జాయింట్లలోనే పోతున్నాయి.

అలా పోతున్నది ఏ జాయింటులోనో పట్టుకోవడానికి మీటరును మిల్లీవోల్టులకు మార్చి, ఒక ప్రోబ్ బోల్టు మీద, రెండోది లగ్గు (బోల్టుకు బిగించడానికి వైరు చివర వేసే ముక్క) దాటిన రాగి మీద ఉండేలా కట్టి మళ్లీ లోడు ఇవ్వండి. మంచి జాయింటు 60 ఆంపియర్లకు 20 మిల్లీవోల్టులు కూడా చూపించదు. 200 చూపిస్తే అక్కడ 12 వాట్లు కాలుతున్నట్టు. అంటే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌లో దాదాపు సగం వేడి ఆ లగ్గులోనే ఉంది. నల్లబడ్డ వైరును మెరిసే రాగి కనిపించేదాకా కోసేసి, 16 చదరపు మిల్లీమీటర్ల వైరుకు అదే సైజు లగ్గు వేసి హెక్స్ డైతో (ఆరు మూలల అచ్చుతో) క్రింప్ చేయండి, అంటే గట్టిగా నొక్కి బిగించండి. టంకం నింపొద్దు. అది వైరు పోగుల్లోకి పాకి గట్టిపడుతుంది, బండి అదురుకు సరిగ్గా అక్కడే తెగుతుంది. చవగ్గా దొరికే వైరును బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా ఉంటే అది రాగి పూత పూసిన అల్యూమినియం, ఈ పనికి వద్దు.

జాయింట్లన్నీ బాగుంటే బీఎంఎస్ (సెల్స్‌ను కాపాడే, అవసరమైతే కరెంటు ఆపేసే బోర్డు) యాప్‌లో గ్రూపుల వోల్టేజీలు చూడండి. పక్కపక్క గ్రూపుల్లో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ చూపిస్తూ రెండింటి మొత్తం సరిగ్గా ఉంటే సెల్స్‌ను అనుమానించకండి, ఆ రెండింటి మధ్య నుంచి బీఎంఎస్‌కు వోల్టేజీ చెప్పే సన్నని సెన్స్ వైరు వదులైంది. మీటరుతో సెల్స్ మీద నేరుగా కొలిస్తే రెండూ సమానంగా వస్తాయి. అలా కాక అన్నీ 3.8 దగ్గర ఉండి, లోడు మీద ఒక్క గ్రూపే 3 కిందకు జారితే ఆ గ్రూపు నీరసించింది. బీఎంఎస్‌ను తప్పించి నడపడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. 2 వోల్టుల కింద రోజుల తరబడి ఉండిపోయిన సెల్‌ను మళ్లీ చార్జ్ చేయొద్దు, లోపల షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది.

హెడ్‌లైటు కోసం కింది నాలుగు గ్రూపుల నుంచి లైను లాగితే అవి మిగతావాటికన్నా ముందే ఖాళీ అవుతాయి. బదులుగా మొత్తం ప్యాక్ వోల్టేజీని 12 వోల్టులకు దించే డీసీ కన్వర్టర్ పెట్టండి.

మెయిన్ కనెక్టర్ పెట్టగానే పెద్ద నిప్పురవ్వ వస్తే ఖాళీ కెపాసిటర్లు ఒక్కసారిగా నిండుతున్నాయి. ముందు 100 ఓములు, 10 వాట్ల రెసిస్టర్ గుండా రెండు మూడు క్షణాలు నింపి, ఆ తర్వాతే మెయిన్ కలపండి. మెయిన్ స్విచ్‌గా ఇంటి ఏసీ ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) వాడకండి, డీసీ ఆర్క్‌ను (తెరిచేటప్పుడు లోపల పుట్టే మెరుపును) అది ఆర్పలేకపోవచ్చు. ప్యాక్ వోల్టేజీకి తగ్గ డీసీ ఫ్యూజు, డీసీ ఎంసీబీ కావాలి.

బండి ఆగకుండా కుదుపులతో నడుస్తుంటే మోటారులోని హాల్ సెన్సర్లు (చక్రం ఎక్కడుందో కంట్రోలర్‌కు చెప్పేవి) చూడండి. తాళం చెవి తిప్పి బండి ఆన్ చేసి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతుంటే పసుపు, ఆకుపచ్చ, నీలం వైర్లు మూడూ సున్నాకూ 5 వోల్టులకూ మధ్య మారుతూ ఉండాలి. మారని వైరును ఇరుసు రంధ్రం దాకా వెతకండి, ఎక్కువగా అక్కడే ఒరుసుకుంటుంది.

చక్రం దానంతటదే తిరగడం మొదలుపెడితే వెంటనే ఎంసీబీ దించండి. ఎక్స్‌లేటర్ నల్ల వైరు ఊడితే సిగ్నల్ 5 వోల్టులకు ఎగబాకుతుంది. పిడి వదిలేసినప్పుడు సిగ్నల్ 0.8 వోల్టుల చుట్టుపక్కల ఉందని చూసుకున్నాకే చక్రాన్ని నేలకు దించండి.