కీమోకు ముందు ఇంట్లోని విటమిన్ ఇ క్యాప్సూల్స్ విషయంలో జాగ్రత్తలు

క్యాన్సర్ అని తేలిన ఇంటికి మొదటి వారంలోనే ఎవరో ఒకరు ఆకుపచ్చ జెల్ క్యాప్సూల్స్ పట్టీ తెచ్చిస్తారు. విటమిన్ ఇ క్యాన్సర్ కణాలను చంపుతుందని ఎక్కడో చదివి ఉంటారు. చదివింది అబద్ధం కాదు. కానీ ల్యాబ్‌లో పనిచేసిన మందు, ఆ పట్టీలో ఉన్న మందు ఒకటి కాదు.

విటమిన్ ఇ ఎనిమిది పదార్థాల కుటుంబం: నాలుగు టోకోఫెరాల్‌లు, నాలుగు టోకోట్రైనాల్‌లు. ల్యాబ్‌లో క్యాన్సర్ కణాలను బాగా చంపినవి గామా, డెల్టా టోకోట్రైనాల్‌లు, ఆల్ఫా టోకోఫెరిల్ సక్సినేట్. ఈ సక్సినేట్‌ను మింగితే పేగుల్లోనే విడిపోయి మామూలు ఆల్ఫా టోకోఫెరాల్ మిగులుతుంది, ఆ గుణం పోతుంది. డెల్టా టోకోట్రైనాల్‌ను అమెరికాలోని మాఫిట్ క్యాన్సర్ సెంటర్‌లో పాంక్రియాస్ ఆపరేషన్‌కు ముందు కొద్దిమందికి రోజుకు 200 నుంచి 3,200 మి.గ్రా. దాకా ఇచ్చి చూశారు. అది తొలి దశ పరీక్ష మాత్రమే, జబ్బు తగ్గిస్తుందని తేల్చింది కాదు.

ఇప్పుడు మీ పట్టీ వెనక్కి తిప్పి చదవండి. ‘టోకోఫెరిల్ అసిటేట్ 400 మి.గ్రా.’ అని ఉంటుంది, అంటే ఒంట్లోకి వెళ్లేది మామూలు ఆల్ఫా టోకోఫెరాలే. సింథటిక్ రకమైతే అందులో ఒంటికి పనికొచ్చేది 180 మి.గ్రా. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 15. ఒక్క క్యాప్సూల్ అంటే 12 రోజుల సరుకు. పైగా ఆల్ఫా టోకోఫెరాల్ ఎక్కువైతే రక్తంలో గామా టోకోఫెరాల్ తగ్గిపోతుంది. విటమిన్ ఇ, సెలీనియం ప్రోస్టేట్ క్యాన్సర్ రాకుండా ఆపుతాయా అని చూడటానికి 2001లో మొదలైన సెలెక్ట్ పరీక్షలో 35 వేల మందికి పైగా మగవాళ్లు పాల్గొన్నారు. రోజుకు 400 యూనిట్ల విటమిన్ ఇ మాత్రమే తీసుకున్నవాళ్లలో ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్ల కంటే ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ వచ్చిందని 2011లో తేలింది.

రేడియేషన్, కొన్ని కీమో మందులు కణాన్ని ఆక్సీకరణతోనే దెబ్బతీస్తాయి. ఆ దెబ్బకు అడ్డుపడే గుణం విటమిన్ ఇకి ఉంది. కెనడాలో తల, మెడ క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్న 540 మందిపై చేసిన పరీక్షలో, విటమిన్ ఇ క్యాప్సూల్ వాడినంతకాలం రెండో క్యాన్సర్ ఎక్కువగా కనిపించింది. అందుకే చికిత్స నడిచే రోజుల్లో సొంతంగా వేసుకోవద్దని గట్టిగా చెబుతున్నాం.

మొదటి ఓపీకి వెళ్లేటప్పుడు ఇంట్లోని మాత్రలన్నీ డబ్బాలతో సహా సంచిలో వేసుకెళ్లండి. జుట్టు కోసం, చర్మం కోసం వేసుకునేవి, మల్టీవిటమిన్లు, చేప నూనె క్యాప్సూల్స్ కూడా. చాలావాటిలో విటమిన్ ఇ కలిసే ఉంటుంది, అన్నీ కలిపితే మోతాదు పెరిగిపోతుంది.

రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ వాడేవాళ్లు విటమిన్ ఇ కూడా వేసుకుంటే అసలు ప్రమాదం రక్తస్రావం. కీమో ఇచ్చిన వారం, రెండు వారాలకు ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టించే కణాలు) పడిపోయినప్పుడు అది మరీ ఎక్కువ. బ్రష్ చేస్తుంటే చిగుళ్ల నుంచి రక్తం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, నల్లటి విరేచనం కనిపిస్తే మరుసటి ఓపీ దాకా ఆగకండి. ఆపరేషన్ ఉంటే విటమిన్ ఇని మామూలుగా రెండు వారాల ముందే ఆపమంటారు. ఆపిన తేదీని ఫైలు పైన రాసిపెట్టండి, మత్తు డాక్టర్ అడుగుతారు.

గుప్పెడు వేరుశెనగలు, కూరలోకి చెంచాడు పొద్దుతిరుగుడు నూనె వల్ల భయం లేదు. రేడియేషన్ తర్వాత కండ గట్టిపడితే రక్తప్రసరణ మెరుగుపరిచే పెంటాక్సిఫిలిన్ మందుతో కలిపి విటమిన్ ఇ రాసే డాక్టర్లున్నారు. అలా రాసిచ్చినదాన్ని మాత్రం మీ అంతట మీరు ఆపకండి.