చ్'ప్‌ని గీయడం ఎలా: ఉడుత సైజు గ్రీన్ లాంతర్

అమెరికా బొమ్మల కథల కంపెనీ డీసీ కామిక్స్‌లో చ్'ప్ అని ఒక గ్రీన్ లాంతర్ (ఆకుపచ్చ ఉంగరం శక్తితో అంతరిక్షానికి కాపలా కాసే సైనికుడు) ఉన్నాడు, చిప్ అని పలికితే సరిపోతుంది, చూడ్డానికి అచ్చం ఉడుతే గానీ భూమ్మీద ఉడుత కాదు, హ్'ల్వెన్ అనే గ్రహం వాడు, అంతరిక్షంలో సెక్టార్ 1014 అనే భాగం మొత్తం వీడి డ్యూటీ. 1982లో రచయిత పాల్ కప్పర్‌బర్గ్, చిత్రకారుడు డాన్ న్యూటన్ కలిసి పుట్టించారు. వీణ్ణి గీసేవాళ్ళు చాలామంది ముద్దొచ్చే బొమ్మ చేసి వదిలేస్తారు, నేనూ మొదట్లో అదే చేశా, నాలుగైదు పేజీలు టెడ్డీ బేర్లే వచ్చాయి.

ముందు పెన్సిల్‌తో తేలిగ్గా ఒక గుండ్రం, అది తల. దాని కింద బేరిపండు షేప్‌లో ఒళ్ళు, తలకి రెండింతలు ఉంటే చాలు. వెనక కాళ్ళు బలంగా, ముడుచుకుని, ఇప్పుడే ఎగురుతాడేమో అన్నట్టు ఉండాలి. చేతికి నాలుగు వేళ్ళు వేయండి, నిజం ఉడుతకి కూడా ముందు కాళ్ళకి కనిపించేవి నాలుగే.

ఇక తోక. అసలు పనంతా ఇక్కడే ఉంది. ఒంటికి సమానంగా పొడుగు పెట్టి ఇంగ్లీష్ ఎస్ లాగా తిప్పండి, కోపమొస్తే వెంట్రుకలు నిక్కబొడుచుకోవాలి, ఎగిరేటప్పుడు వెనక్కి సాగిపోవాలి, బాధలో ఉంటే నేలమీద వాలిపోవాలి. మొహం సీరియస్‌గా ఉంచేసి ఫీలింగ్ అంతా తోకలో పెట్టి చూడండి, టెడ్డీ బేర్ పోయి సైనికుడు వస్తాడు. కళ్ళు మరీ పెద్దవి వద్దు, కనుబొమల దగ్గర చిన్న ముడి వేస్తే చాలు.

ఒంటరిగా గీస్తే వాడెంత చిన్నవాడో ఎవరికీ తెలీదు. పక్కన హాల్ జోర్డన్ (మనిషి గ్రీన్ లాంతర్) బూటు ఒక్కటి పెట్టండి, మోకాలి పైన ఫ్రేమ్ కట్ చేసేయండి. లేదా చూపు నేలకి ఆనించి కిందనుంచి గీయండి, అప్పుడు ఉడుతే కొండలా కనిపిస్తాడు, నాకైతే ఇదే ఇష్టం.

ఛాతీ మీద లాంతర్ గుర్తు, వేలికి ఉంగరం, అంతే. ఉంగరం కొంచెం పెద్దదిగానే వేయండి, మరీ లెక్క ప్రకారం వేస్తే చుక్కలా ఉండి కనపడదు. కలర్ వేసేటప్పుడు ఉంగరం వైపున్న బొచ్చు అంచుకి లేత ఆకుపచ్చ, రెండోవైపు ముదురు నీడ.

పసుపు రంగు మాత్రం చూసి వాడండి. పాత కథల్లో ఈ ఉంగరాలు పసుపు మీద పనిచేయవు, వీడు 1992లో చచ్చిపోయింది కూడా పసుపు ట్రక్కు కింద పడే (అవును, అంతరిక్షమంతా తిరిగినవాడు, ట్రక్కు కింద!). అందుకే నేను వీడి చుట్టూ ఎక్కడా పసుపు వేయను, శత్రువుకి దాచి పెట్టుకుంటా.